ఊపిరి మీద పంచాయితీ

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎద్దులున్న ఇంట్లో మైకు చెన్నకేశవులు ఎవరని అడిగితే, అడిగినవాణ్ణే వింతగా చూస్తారు. తల్లిదండ్రులు పెట్టింది ఉత్త చెన్నకేశవులే. మైకు అన్న మాట ఇంటిపేరును పక్కకు నెట్టి కూర్చుని ముప్పై ఏళ్లు దాటింది. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెడితే ఎద్దుల జతలు ఏ ఊరి నుంచైనా రావచ్చు, బండ ఏ గుట్టదైనా కావచ్చు, మైకు మాత్రం ఆయన చేతిలోనే ఉండాలి. నాలుగెకరాల మినుము చేను ఆయనకు కూడు పెట్టేది, మైకు మర్యాద పెట్టేది. రెంటిలో ఒకటి వదులుకోమంటే ఆయన ఆలోచించకుండా చేను చూపించే రకం.

ఆయన విద్యంతా ఊపిరిలో ఉండేది. బండ కదిలింది మొదలు గడువు తీరేదాకా గొంతు ఆగేది కాదు. "సంజామల మండలం, కీర్తిశేషులు ఓబుళరెడ్డి గారి మనుమడు, సుబ్బరామిరెడ్డి గారి కుమారుడు లక్ష్మీనారాయణరెడ్డి గారి జత మూడో రౌండు తిరుగుతాండాది, ముందు జతను దాటి పోతాండాది, తోలండప్పా తోలండి, చెర్నాకోల గాలిలో తిప్పండి, దెబ్బ మాత్రం ఎయ్యొద్దు" అని ఒక్క గుక్కలో అనేసి, రెండో గుక్క ఎప్పుడు పీల్చాడో ఎవరికీ తెలియనివ్వకుండా మూడో గుక్కలోకి దూకేవాడు. జనం ఎద్దుల్ని చూడ్డానికి వచ్చి ఆయన్ను విని పోయేవాళ్లు. ఆయన గొంతు పడితే తమ ఎద్దులకు పౌరుషం పుడుతుందని యజమానుల నమ్మకం. తాతల పేర్లు మైకులో వినపడితే పౌరుషం పుట్టేది యజమానులకే గానీ ఎద్దులకు కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇంట్లోనూ అదే వరుస. పెళ్లయిన కొత్తలో భార్య రామలక్ష్మమ్మ ఆయనతో ఏదో చెప్పబోయింది. ఆ మాట ఇప్పటికీ మొదటి సగంలోనే ఉందని ఆమె చుట్టాలతో అంటూండేది.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో చెన్నకేశవులు నంద్యాలలో ఒక ఆసుపత్రి మంచం మీద, ముక్కుకు గొట్టంతో, బోర్లా పడుకుని బతికాడు. పక్క మంచాల వాళ్లలో కొందరు బతకలేదు. ఆ సంగతి మాత్రం ఆయన ఎవరికీ, మైకులో కాదు కదా, మామూలు గొంతుతో కూడా చెప్పలేదు.

ఆయన ఊరికి తిరిగొచ్చేసరికి ఆళ్లగడ్డ రోడ్డు మలుపులో రెండు ఫ్లెక్సీలు లేచి ఉన్నాయి. ఒకటి గడివేముల ఆదెన్నది. 'కరోనాను మట్టికరిపించిన మైకు సింహానికి స్వాగతం' అని దాని మీద ఉంది. బండలాగుడులో ఆదెన్నకూ సంజామల లక్ష్మీనారాయణరెడ్డికీ ఉప్పూ నిప్పూ కాబట్టి, రెడ్డి మర్నాడే దానికి ఎదురుగా, దానికంటే మూరెడు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. 'కరోనాను తొక్కి నారతీసిన' అని మాట కూడా పెంచాడు. రెంటిలోనూ యజమాని మీసం ఒక పక్క, వాళ్ల ఎద్దులు ఇంకో పక్క నిండిపోగా, చెన్నకేశవులు మొహం మూలన రూపాయి బిళ్లంత ఉంది. అయినా ఆయన మురిసిపోయాడు. కారు ఆపించి, దిగి, ఫోటో తీయించుకున్నాడు. మళ్లీ కారెక్కేసరికి ఆయాసం వచ్చింది. జబ్బు నుంచి లేచిన నీరసమే అనుకున్నాడు.

నీరసమైతే నెలకో రెండు నెలలకో పోవాలి. ఇది పోలేదు. వాకిలి నుంచి గడ్డివామి దాకా నడిస్తే గుండె గొంతులో కొట్టుకునేది. చొక్కా గుండీలు పెట్టుకుని మంచం మీద కూర్చోవలసి వచ్చేది. మాట మొదలుపెడితే మధ్యలో ఊపిరి చాలక నిలబడిపోయేది. ఒకరోజు ఆయన అట్లా ఆగిన సందులో రామలక్ష్మమ్మ ఒక వాక్యం మొత్తం, చివరి దాకా చెప్పేసింది. చెప్పినాక ఆమెకే భయమేసింది. మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి నంద్యాల బస్సెక్కించింది.

పరీక్షలు చేశారు. ఊదమన్నారు, నడవమన్నారు, రక్తం తీశారు, ఫోటోలు తీశారు. డాక్టరు సౌజన్య కాగితాలన్నీ చూసి, "ఎక్స్‌రే బాగుంది, ఆక్సిజన్ బాగుంది, గుండె బాగుంది. అన్నీ నార్మలే" అంది.

"అన్నీ బాగుంటే నేనెందుకు బాగలేనమ్మా?" అన్నాడు చెన్నకేశవులు. ఆ చిన్న మాటకే రెండుసార్లు ఆగాడు.

"మీలాంటి వాళ్లు చాలామంది వస్తున్నారు. కరోనా పోయినా దాని ఆయాసం కొందరిలో ఉండిపోతోంది. ఈ పరీక్షల్లో కనపడదు. కనపడనంత మాత్రాన లేదని కాదు. నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకోండి. బరువులు వద్దు, ఎండ వద్దు. ముఖ్యంగా గట్టిగా అరవకండి."

రామలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈయనకు అరిసేదే కదమ్మా పని" అంది.

నార్మల్ అన్న మాట వాళ్లకంటే ముందు ఊరు చేరింది. పల్లెలో జబ్బుకు కొన్ని పద్ధతులున్నాయి. కట్టు కనపడాలి, లేకపోతే కుంటు కనపడాలి, కనీసం మనిషి చిక్కాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు బ్రెడ్డు, బత్తాయిలు మంచం మీద పెట్టి, అయ్యో అనడానికి ఆ మాత్రం ఆధారం ఉండాలి. చెన్నకేశవులు నిండుగా, ఎర్రగా, మీసం దువ్వుకుని కూర్చుని ఉన్నాడు. బత్తాయిలు తెచ్చినవాళ్లు వాటిని ఇచ్చి వెళ్లాలో తీసుకుపోవాలో తేల్చుకోలేకపోయారు. ఒకాయన మిరియాల కషాయం చెప్పాడు. ఒకామె దిష్టి అంది. పక్కింటి జయమ్మ గోడ మీది నుంచి, "కూచుంటే అంతే, లేచి తిరిగితే అదే పోతాది. మా ఆయనా ఇంతే, మడి పని ఉంటే దగ్గు, పెండ్లి భోజనముంటే కుదురు" అంది. ఫ్లెక్సీలు చూసినవాళ్లయితే అసలు నమ్మలేదు. కరోనాను మట్టికరిపించిన సింహం గడ్డివామి దాకా నడవలేదంటే ఆ ఫ్లెక్సీకి పెట్టిన ఖర్చుకు అర్థమేముంది?

అందుకని చెన్నకేశవులు చెప్పడం మానేశాడు. ఆయాసం వస్తే చెప్పులో రాయి దూరినట్టు వంగేవాడు. ఎవరైనా పలకరిస్తే ఎదుటివాణ్ణి మాట్లాడనిచ్చి తలూపేవాడు. మనిషి ఎంత నెమ్మదస్తుడయ్యాడో అని ఊరు మెచ్చుకుంది. అట్లా రెండేళ్లు గడిచాయి. దాచడానికి కారణం వేరే ఉంది. కరోనాతో ఆగిపోయిన పోటీలు మళ్లీ మొదలవుతున్నాయి. నంద్యాలలో సురేష్ అనే మనిషి తయారయ్యాడు. వాడు మైకు పడితే మధ్యమధ్యలో పులి గాండ్రింపులు, బాంబుల మోతలు సెల్‌ఫోన్ లోంచి వస్తాయట. చెన్నకేశవులుకు ఊపిరి లేదని తిరునాళ కమిటీకి తెలిసిందా, మైకు ఆ పులి చేతికి పోతుంది. పోయిన మైకు తిరిగి రాదు. ఆయన భయమంతా అదే.

తిరునాళ రోజు రామలక్ష్మమ్మ ఆఖరుసారి అడిగింది. "డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"నార్మల్ అని చెప్పింది" అన్నాడు ఆయన, తువ్వాలు దులుపుకుంటూ.

పొద్దున చిన్న ఎద్దుల విభాగాలు ఎట్లాగో గట్టెక్కాయి. ఆయన కొత్త యుక్తులు కనిపెట్టాడు. గుక్క తిరగనప్పుడు "ఈలలెయ్యండప్పా!" అని మైకు జనం వైపు తిప్పేవాడు. జనం ఈలలు వేస్తున్నంతసేపు ఆయన పీల్చుకునేవాడు. తాతల పేర్లు తగ్గించి, తండ్రులతోనే సరిపెట్టాడు. పెద్ద ఎద్దుల విభాగంలో ఆదెన్న జత లాగేటప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆ జతకు ఎట్లాగో గొంతు నిలిచింది. ఆదెన్న ఎద్దులు బాగా లాగి, అందరికంటే ముందు నిలిచాయి. చిట్టచివర లక్ష్మీనారాయణరెడ్డి జత దిగింది.

రెడ్డి ఎద్దులు ఆ రోజు గెలవడానికే పుట్టినట్టు లాగాయి. ఆఖరి నిమిషంలో ఆదెన్న దూరానికి కూతవేటులోకి వచ్చేశాయి. జనం లేచి నిలబడ్డారు. చెన్నకేశవులు కూడా లేచి నిలబడ్డాడు. అదే పొరపాటు. "ఇంకొక్క నిమి..." అన్నాడు. అంతే. గొంతు తెగిపోయింది. నాలుగు దిక్కులా కట్టిన లౌడ్‌స్పీకర్లలో హుఁ హుఁ అని ఆయాసం మాత్రం వినపడింది. మైకుసెట్టు మనిషి వైర్లు తెగాయనుకుని స్తంభమెక్కాడు.

అదే క్షణంలో రెడ్డి ఎద్దులు కూడా ఆగాయి. ఆగి, రెండూ కూడబలుక్కున్నట్టు ఎడమ పక్కకు మెడలు తిప్పి చూశాయి. తోలేవాళ్లు అరిచారు, చెర్నాకోలలు తిప్పారు, తోకలు మెలిపెట్టారు. అవి కదలలేదు. ఎద్దుల తప్పేమీ లేదు. లక్ష్మీనారాయణరెడ్డి పోటీలు లేని కాలంలో చెన్నకేశవులు పాత కామెంట్రీని ఫోనులోకి ఎక్కించి, పెద్ద స్పీకరు పెట్టి, దాంతోనే ఎద్దులకు సాధన చేయించాడు. రోజూ ఆ గొంతు మొదలైతే లాగాలి. గొంతు ఆగితే కాడి విప్పేవాళ్లు. ఎడమ పక్క తొట్టిలో ఉడికించిన ఉలవలు పెట్టేవాళ్లు. ఆ ఎద్దులు బండలాగుడు పోటీలో కూడా నేర్చుకున్నదే చేశాయి. ఉలవల కోసం చూస్తుండగానే గడువు తీరింది, ఆదెన్న గెలిచాడు.

రెడ్డికి ఎద్దుల మీద కోపం రాలేదు. ఎద్దుల మీద కోపం తెచ్చుకునే యజమాని సీమలో ఎవరూ లేరు. ఆ కోపమంతా మనిషి మీదికి మళ్లింది.

మరుసటి ఆదివారం తిరునాళ జరిగిన ఊళ్లో పీర్ల చావిడి ముందు పంచాయితీ పెట్టారు. తిరునాళ కమిటీ పెద్ద సుందరరాజు నడిమధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఏ తగవునైనా తెగ్గొట్టడం కంటే నలుగురికీ నచ్చేలా సాగదీయడంలో ఆయనది పెద్ద పేరు. ఒక పక్క సంజామల వాళ్లు, ఇంకో పక్క గడివేముల వాళ్లు. మధ్యలో చెన్నకేశవులు నిలబడ్డాడు. కుర్చీ అడిగితే జబ్బని తెలిసిపోతుందని అడగలేదు.

"నేనొకటే అడుగుతాండా" అన్నాడు లక్ష్మీనారాయణరెడ్డి. "పొద్దుటి నుంచి ఇన్ని జతలు లాగినాయి. ఆదెన్న ఎద్దులు లాగినంతసేపు ఊపిరి ఆడింది. మా ఎద్దుల కాడికొచ్చేతలికి ఊపిరి నిలిసిపోయింది. ఊపిరిగ్గూడా పార్టీ ఉంటాదా?"

సంజామల పక్క వాళ్లు భళా అన్నారు.

ఇక దాచి లాభం లేదని చెన్నకేశవులుకు అర్థమైంది. మైకు పోతే పోయింది, ద్రోహి అన్న పేరు మిగలకూడదు. "నాకు జబ్బు చేసిందప్పా" అన్నాడు. "కరోనా పోయినాక... ఆయాసం పోలేదు. మీకు చెప్పకుండా... దాచినా. తప్పే. ద్రోహం మాత్రం చేయలే." సంచిలోంచి నంద్యాల కాగితాలు తీసి సుందరరాజు చేతికిచ్చాడు.

సుందరరాజు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క కాగితమూ పైకి చదివాడు. ఎక్స్‌రే నార్మల్. ఆక్సిజన్ నార్మల్. గుండె నార్మల్. నార్మల్ అన్న ప్రతిసారీ సంజామల వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. చదవడం అయ్యాక రెడ్డి లేచి రెండు చేతులూ జోడించాడు. "ఇది నేను రాసింది కాదు సామీ. ఆయప్ప తెచ్చిన కాగితమే, ఆయప్పకేం రోగం లేదంటాండాది. రోగం లేకుండా ఊపిరి నిలిసిందంటే నిలిపినాడనే కదా?"

"డాక్టరమ్మ చెప్పింది..." అని మొదలుపెట్టి చెన్నకేశవులు ఊపిరి కోసం ఆగాడు.

"సూడు, మళ్లా ఆపినాడు!" అన్నాడు రెడ్డి.

గెలిచిన ఆదెన్న ఆదుకుంటాడని చెన్నకేశవులు అటు చూశాడు. ఆదెన్న లేచాడు కూడా. అయితే కమిటీకి ఒక నియమం ఉంది. తాడు తెగినా, కాడి విరిగినా, కమిటీ వైపు నుంచి ఏ లోపం జరిగినా ఆ జత తిరిగి లాగుతుంది. మైకు మనిషి రోగి అని తేలితే అది కమిటీ లోపం కిందికే వస్తుంది. రెడ్డి ఎద్దులు తిరిగి లాగితే తన గెలుపు నీటి మీద రాత. అందుకని ఆదెన్న గొంతు సవరించుకుని, "కేశవులన్న రోగి అంటే నేనొప్పుకోను. గుండు మాదిరి ఉండాడు. ద్రోహమూ లేదు, రోగమూ లేదు. ఆ పొద్దు మైకుసెట్టే చెడింది" అన్నాడు.

మైకుసెట్టు మనిషి వెనకనుంచి "నా సెట్టు నార్మలే" అని అరిచాడు.

చెన్నకేశవులుకు అప్పుడు ఆయాసం కంటే పెద్ద బాధ పుట్టింది. ముప్పై ఏళ్లు వీళ్ల తాతల పేర్లు తప్పు లేకుండా చదివాడు. ఇప్పుడు తన ఒంట్లో ఉన్న ఒక్క మాట వీళ్ల చేత ఒప్పించలేకపోతున్నాడు.

అప్పుడు ఆడవాళ్లు నిలబడిన అరుగు మీది నుంచి రామలక్ష్మమ్మ దిగి వచ్చింది. పంచాయితీలోకి ఆడవాళ్లు రావడం అక్కడ పద్ధతి కాదు. పద్ధతి గుర్తు చేయడానికి సుందరరాజు నోరు తెరిచేలోపలే ఆమె మొదలుపెట్టింది.

"లక్ష్మీనారాయణన్నా, ఒక మాట చెప్పు. గాలికుంటు వచ్చిపోయిన ఎద్దు ఎట్లుంటాది?"

రెడ్డి తెల్లబోయాడు. గాలికుంటు అంటే ఎద్దుకు నోరూ గిట్టలూ పుండ్లు పడే రోగం. ఎద్దుల వాళ్లకు ఆ మాట వింటేనే ఒళ్లు జలదరిస్తుంది.

"అదేందమ్మా ఆ ప్రశ్న?" అన్నాడు. "రోగం మానినాక పైకి బాగనే ఉంటాది. మేత మేస్తాది. కొన్నిటికి మాత్రం రొప్పు ఉండిపోతాది. ఎండలో నాలుగడుగులేస్తే నోరు తెరిచి డొక్కలెగరేస్తాది."

"పుండ్లు మానింటాయి గదా?"

"మానింటాయి."

"చూసేదానికి నున్నగా ఉంటాది గదా?"

"ఉంటాది."

"అట్లాంటి ఎద్దు నీ కొట్టంలో రొప్పుతా నిలబడితే నువ్వేమంటావు? నాటకమాడుతాండావే నా ఎద్దా, ఆదెన్న కాడ ఉలవలు తింటివా అంటావా? కాగితం చూపియ్యమంటావా?"

అక్కడున్న ప్రతి మగవాడి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు అట్లాంటి ఎద్దు ఉంది. దాన్ని నీడన కట్టారు, తల మీద తడిగుడ్డ వేశారు, దానికి ఎండ పొడ తగలకుండా చూసుకున్నారు. ఒక్కరూ దాన్ని అనుమానించలేదు.

లక్ష్మీనారాయణరెడ్డి లేచి చెన్నకేశవులు దగ్గరికి వచ్చాడు. ద్రోహి దగ్గరికి వచ్చినట్టు కాదు, సంతలో ఎద్దు దగ్గరికి వచ్చినట్టు వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. డొక్క మీద అరచెయ్యి పెట్టి కొంతసేపు ఉంచాడు. కళ్ల కింది రెప్ప లాగి చూశాడు. పళ్లు చూడబోయి, ఆగాడు. "ఔనప్పా" అన్నాడు మెల్లగా. "రొప్పే ఇది."

గడివేముల పక్క నుంచి కూడా ఒకరిద్దరు తలలూపారు. ఆదెన్న కూడా, తనకు తెలియకుండానే, "పాపం" అన్నాడు. చెన్నకేశవులు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండేళ్లుగా ఆయన కోరుకున్నది ఈ ఒక్క మాటే. డాక్టరమ్మ చెప్పింది, భార్య నమ్మింది. ఊరు ఇప్పుడు, ఎద్దు పుణ్యమా అని, ఒప్పుకుంది.

సుందరరాజు సంతోషించాడు. "సరే మరి. మైకు మనిషి రోగి అని తేలింది కాబట్టి, నియమం ప్రకారం సంజామల జత తిరిగి లాగాల" అన్నాడు.

ఆ మాటతో ఎద్దు మాయమై మళ్లీ మనుషులు వచ్చారు. "ఎద్దుకైతే సరే, మనిషికి యాడ గాలికుంటు?" అని ఆదెన్న ముందుగా అందుకున్నాడు. ఆయన అనడంలో వింత లేదు. వింత లక్ష్మీనారాయణరెడ్డిది. రెడ్డి మీసం మీద చెయ్యి వేసుకుని లెక్కలు కట్టుకున్నాడు. ఎద్దులు గొంతు ఆగితే ఆగడం మరిచిపోలేదు, ఉలవలు మరిచిపోలేదు. తిరిగి లాగితే ఓటమి ఖాయం. ద్రోహం వల్ల ఓడినవాడికి మీసం మిగులుతుంది. తిరిగి లాగి ఓడితే అదీ పోతుంది. "ఆదెన్న చెప్పింది నిజమే" అన్నాడు, ఎటో చూస్తూ. "కాగితంలో నార్మల్ అని ఉన్నాక మనమెవరం కాదనేదానికి?"

ఆదెన్నా లక్ష్మీనారాయణరెడ్డీ ఒక మాట మీద నిలబడటం ఆ సీమలో ఎవరూ ఎరగరు. సుందరరాజు కుర్చీలోంచి లేచి ఇద్దరినీ చూసి నమస్కారం పెట్టాడు. ఇరుపక్షాల ఏకాభిప్రాయం ప్రకారం తీర్పు చెప్పాడు. మైకు మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. వచ్చే తిరునాళకు కూడా మైకు ఆయనదే. అయితే ఇకనుంచి ఊపిరి అన్ని జతలకూ సమంగా తీసుకోవాలి. ఒక జతకు ఎన్నిసార్లు ఆగితే ఇంకో జతకూ అన్నిసార్లే ఆగాలి. ఎక్కువ తక్కువలు రాకుండా ఇరుపక్షాల నుంచి చెరొక మనిషి పక్కన నిలబడి కనిపెట్టుకుని ఉంటారు.

తీర్పు చెప్పేసి ఆయన చెన్నకేశవులు చెవి దగ్గరికి వంగాడు. "మనసులో పెట్టుకోవద్దప్పా. నీకు బాగలేదని మాకందరికీ తెలుసు. తీర్పు యవ్వారం వేరే. మైకు పోలేదు గదా, కట్టుబడినానని ఒక్క మాట చెప్పెయ్."

నిజమే, మైకు పోలేదు. రెండేళ్లుగా దేని కోసం చెప్పులో రాయి ఉన్నట్టు నటించాడో అది చేతికి వచ్చింది. చెన్నకేశవులు భార్య వైపు చూశాడు. ఆ ఎండలో, అంతమంది మగవాళ్ల నడుమ, తనను ఎద్దుతో పోల్చి అయినా సరే బతికించుకోవాలని వచ్చిన మనిషి. ఆమె మొహం చూస్తే ఆయనకు సిగ్గేసింది.

"కట్టుబడను" అన్నాడు.

"ఏందీ?"

"నాకు చాతకాదు. నేను గట్టిగా లేను." ఆగాడు. పీల్చుకున్నాడు. ఎవరికీ కనపడకుండా కాదు, అందరికీ కనపడేటట్టే పీల్చుకున్నాడు. "మైకు సురేష్‌కియ్యండి. నాకుండేది కొంచెం ఊపిరి. అది మీ తాతల పేర్లకు... ఖర్చు పెట్టను."

మైకు లేకుండా ఆయన నలుగురిలో ఇట్లా తెగేసి మాట్లాడటం అదే మొదటిసారి. వెనక వరుస దాకా వినపడింది. ఆయనా, రామలక్ష్మమ్మా రోడ్డెక్కాక ఇరుపక్షాలూ రెండోసారి ఏకమయ్యాయి. అంతమందిలో అంత మాట అన్నాడంటే ఆయనకు రోగం లేనట్టే అని తేల్చుకున్నారు.

తమ ఊరికి పోయే రోడ్డు కొంచెం ఎత్తుగా ఉంటుంది. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి చెన్నకేశవులుకు కాళ్లు ఆడలేదు. కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. రామలక్ష్మమ్మ ఎండకు అడ్డంగా నిలబడింది. "మైకు పాయె గదా, బాధగా ఉందా?" అంది.

"ఉంది" అన్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి కావాలి.

పంచాయితీ ముగించుకున్న మోటారుసైకిళ్లు ఒకటొకటిగా దాటిపోయాయి. చివర లక్ష్మీనారాయణరెడ్డిది వచ్చింది. దాటి పోయి, ఆగి, తిరిగి వచ్చింది. రెడ్డి కాలు కింద పెట్టి, రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"ఎక్కన్నా" అన్నాడు. "నువ్వూ ఎక్కమ్మా, ముగ్గురం పడతాం. మెల్లగా పోనిస్తా."

వాళ్లు ఎక్కారు. రెడ్డి బండిని నిజంగానే మెల్లగా పోనిచ్చాడు. గుంతలు వచ్చినచోట దాదాపు ఆపేసి, చక్రాలను మెల్లగా దించి, ఎక్కించాడు. ఊరి మొదట్లోకి వచ్చాక తల వెనక్కి తిప్పకుండా అన్నాడు. "కేశవులన్నా, నేను నిన్ను దింపినానని యాడా అనొద్దు. ఆయాసంతో రోడ్డు మీద కూచున్నావని కూడా అనొద్దు. అంటే మాత్రం నేను కాదంటా."

"నువ్వు కాదను" అన్నాడు చెన్నకేశవులు, రెడ్డి భుజం పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటూ. "నేను మాత్రం అంటా. సంతలో అంటా, పెండ్లిండ్లలో అంటా. అడిగినోనికి, అడగనోనికి... అందరికీ అంటా."